గులకరాళ్ల కింద

తమ్ముడు ఊరెళ్తూ చేపల తొట్టిని అక్క నెత్తిన పెట్టి పోయాడు. రాత్రి వంటిల్లు సర్దాక ఆమె విసుక్కుంటూనే ఫిల్టర్ ఆపి, దాని స్పాంజి పిండింది. గొట్టంతో అడుగు మురికి లాగేసి గులకరాళ్లు చదును చేసింది. చేతులు కడుక్కుని వచ్చేసరికి రాళ్ల మీద ఐదు వేళ్ల ఆకారం కనిపించింది. తన చెయ్యి తగిలిందేమో అనుకుని మళ్లీ సర్దింది. తువ్వాలు అందుకుని తిరిగేలోగా అది మళ్లీ వచ్చింది.

ఒళ్లు మండి తమ్ముడికి ఫోన్ చేసింది.

"నీ తొట్టితో చస్తున్నానురా! ఎన్నిసార్లు సర్దినా రాళ్లు కుదురుగా ఉండవేం?"

"అక్కా, అడుగుదాకా కెలికావా?"

"కెలకకూడదని ముందే ఏడవొచ్చుగా!"

గదిలో చప్పుడే లేదు. ఆమె వంగి చూసింది. అది పైనుంచి నొక్కిన గుర్తు కాదు. కింద నుంచి నెట్టినట్టు రాళ్లు ఉబ్బి ఉన్నాయి. చూస్తుండగానే ఆ పక్కన రెండో చెయ్యి నెమ్మదిగా లేవసాగింది.