ఇరవై మూడు మొహాలు

బ్యాటరీ నిండుగా ఉందో లేదో చూడాలి. కార్డులో పాతవి కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ తర్వాతే ఖాళీ చేయాలి. లెన్సు మెత్తటి గుడ్డతో తుడవాలి. కిందటిసారి చీకట్లో వెలుతురు కోసం పెంచిన ఐఎస్‌ఓ అలాగే ఉండిపోతుంది, దాన్ని దించాలి. పట్టీ మెడలో వేసుకున్నాకే కెమెరా సంచిలోంచి బయటికి తీయాలి.

నతానియేలు ఒక్కొక్కటీ చేశాడు. వరస తప్పలేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ముప్పై ఏళ్లు షిఫ్టు దిగేముందు ప్రతి మీటరూ చూసి టిక్కు పెట్టిన చెయ్యి అది. దానికి మనసుతో పనిలేదు.

కెమెరా అతని సరదా. సెలవు దొరికితే కొల్లేరు పిట్టలు, బ్యారేజీ మీద పొద్దుగూకే వెలుతురు. చర్చిలో పెళ్లయినా, బాప్తిస్మమైనా, భూస్థాపనైనా ఫొటోలు అతనివే. తీస్తావా అని అడగడం కూడా జనం ఎప్పుడో మానేశారు.

సందుకు అడ్డంగా ఎర్ర షామియానా వేశారు. కింద పెట్టెలో సువార్తమ్మ. యాభై నాలుగేళ్లు. నిన్న తెల్లవారుజామున గుండె ఆగిపోయింది. పన్నెండింటికి సమాధుల తోటకు బయల్దేరాలి. మూత వేసేముందు అయినవాళ్లంతా పెట్టె చుట్టూ నిలబడి ఒక ఫొటో దిగడం ఆ సంఘంలో ఆనవాయితీ.

సువార్తమ్మ తమ్ముడు ప్రభుదాసు ఫోన్ స్పీకర్లో పెట్టి పట్టుకున్నాడు. అటువైపు బ్లెస్సీ, సువార్తమ్మకు ఒక్కగానొక్క కూతురు. గుంటూరు ఆసుపత్రిలో ఉంది. మొన్ననే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. కదలకూడదన్నారు.

"వీడియో వద్దు మావయ్యా, నావల్ల కాదు. ఫొటో ఒక్కటి చాలు. అమ్మ మొహం సరిగ్గా రావాలి. చుట్టూ మనవాళ్లందరూ ఉండాలి. ఒక్కళ్లు కూడా తగ్గకూడదు."

"అలాగేనమ్మా. నువ్వు ఏడవకు, కుట్లు లాగుతాయి." ప్రభుదాసు ఫోన్ పెట్టేసి నతానియేలు వైపు చూశాడు. "విన్నారుగా."

"వస్తుంది" అన్నాడు నతానియేలు.

పక్కింటి సుబ్బరత్నం స్టీలు గ్లాసుతో వచ్చింది. "నిన్నట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు మీరు. ఈ గుక్కెడు కాఫీ తాగండి అన్నయ్యగారూ."

"లెన్సు మీద ఆవిరి పడుతుందమ్మా" అన్నాడు. ఆమె గ్లాసు కుర్చీ మీద పెట్టి వెళ్లింది.

షామియానా ఎరుపు అందరి మీదా పడుతోంది. కెమెరాను ఆటో సెట్టింగులో వదిలేస్తే సువార్తమ్మ మొహం కందగడ్డలా వస్తుంది. అతను ఆమె తెల్లచీరను కెమెరాకు చూపించి రంగు సరిచేసుకున్నాడు. పూలదండ గడ్డం దాకా జరిగింది. తనే వెళ్లి కిందికి దించాడు. నుదుటి మీద పడిన వెంట్రుకను పక్కకు తోశాడు. చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. చల్లగా ఉందని తెలిసింది, అంతే.

జనం మూడు వరసలుగా నిలబడ్డారు. ముందువాళ్ల మీదే ఫోకస్ నిలిస్తే వెనకవాళ్లు మసకబారతారు. అపర్చర్ ఎనిమిదికి మార్చాడు.

"నన్ను మూలకి నెట్టకండి" అంది ప్రభుదాసు భార్య మాణిక్యం, ముక్కు తుడుచుకుంటూ. "మొన్న కిరీటి పెళ్లి ఫొటోలో నా చెవి ఒక్కటే పడింది. అన్నయ్యగారూ, ఈసారన్నా నన్ను మనిషిలా రానివ్వండి."

"చెవే నయంలే" అన్నారెవరో వెనక నుంచి. ఏడుపు మధ్యలోనే ఇద్దరు ముగ్గురు నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"మాణిక్యం, రెండడుగులు ఇటు" అన్నాడు నతానియేలు. "పిల్లలు ముందుకి. కళ్లజోళ్లు కాస్త దించండి, మెరుస్తున్నాయి."

అతని గొంతు అతనికే మైకులోంచి వస్తున్నట్టు వినిపించింది.

పాస్టరుగారు బైబిలు మూశారు. "ఇంకెవరన్నా ఉండిపోయారా? తర్వాత అనుకుంటే లాభం లేదు."

అందరూ అటూ ఇటూ తలలు తిప్పి చూసుకున్నారు.

"లేదండీ, అందరం వచ్చేశాం" అన్నాడు ప్రభుదాసు.

నతానియేలు వేలితో లెక్కపెట్టాడు. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకి ఒకసారి. ఇరవై మూడు. సరిపోయింది.

మోచేతులు డొక్కలకు ఆనించాడు. ఊపిరి సగం వదిలి ఆపాడు. నొక్కాడు. ఎవరో ఒకరు రెప్ప వేస్తారు కాబట్టి ఇంకోసారి. ఇంకోసారి.

తర్వాత స్క్రీన్ మీద పెద్దది చేసి ఒక్కో మొహమూ చూశాడు. మూడోది బాగుంది. అందరి కళ్లూ తెరిచి ఉన్నాయి. మాణిక్యం రెండు చెవులూ ఉన్నాయి. సువార్తమ్మ నుదుటి మీది గీతలు కూడా తెలుస్తున్నాయి. దాన్ని ఫోన్‌లోకి లాక్కుని బ్లెస్సీకి పంపాడు.

రెండు నీలం టిక్కులు పడ్డాయి.

మూత వేశారు. మేకుల చప్పుడు మొదలైంది. నతానియేలు లెన్సుకు మూత పెట్టి, కెమెరా సంచిలో సర్ది, జిప్పు చివరిదాకా లాగాడు.

ఆ ఫొటో ఎప్పుడైనా మీ కంటబడితే, ఆ ఇరవై మూడు మొహాల్లో సువార్తమ్మ భర్త ఎవరా అని వెతక్కండి. దాన్ని తీసిన నతానియేలును ఒక్కసారి తలుచుకోండి.