సోంబరు తమ్ముడు

ఈ యేడు కూడా సుక్రు మొహాన మొదటి గుప్పెడు మట్టి కొట్టింది యర్రమ్మే.

"థూ! మరిదని సెప్పుకోడానికి సిగ్గేత్తంది," అంది.

కొండంతా నవ్వింది. తర్వాత కుందేళ్ళు కొట్టాయి. కొండగొర్రెలు కొట్టాయి. ముళ్ళపందుల పిల్లలు ఒకదాని వెనక ఒకటి వచ్చి కొట్టాయి. ఏటా సోంబరు పండగ అలాగే మొదలవుతుంది. ముందు పిరికివాడికి మట్టి, ఆ తర్వాత వీరుడి రాయికి ఇప్పపూలు.

సోంబరు, సుక్రు అన్నదమ్ములు. ముళ్ళపందులు. అరకు లోయకు పైనున్న ఆ అడవిలో జంతువులు కూడా ఒక పెద్దను పెట్టుకుని, కట్టుబాట్లు రాసుకోకుండానే పాటిస్తూ బతికేవి. కొండ ఎక్కడానికి ఒకటే దారి, ఇరుకు కనుమ. దాన్ని కాసే పని అన్నదమ్ములిద్దరిదీ.

కింద రైలు సొరంగాలకు మందుగుండు పేల్చిన యేడు, ఆ మోతకు చెదిరిన రేచుకుక్కల గుంపొకటి పైకి ఎగబడింది. పట్టపగలు. కొండ జనం బొరియల్లో, పొదల్లో నక్కి అరుపులు విన్నారు. సద్దుమణిగాక అందరికంటే ముందు పరిగెత్తింది సోంబరు పెళ్ళాం యర్రమ్మ. మిగతావాళ్ళు చేరేసరికి మొగుడి మీద పడి గుండెలు బాదుకుంటోంది.

సోంబరు గొంతు తెగి పడున్నాడు. వీపు సగం బోడిగా ఉంది. కాస్త అవతల మూడు రేచుకుక్కలు చచ్చిపడున్నాయి. నోళ్ళ నిండా, మెడల నిండా ముళ్ళే. మిగతావి పారిపోయాయి.

ముళ్ళపంది పోరాడిందా లేదా అని ఎవరినీ అడగక్కర్లేదు. శత్రువుకు వీపు తిప్పి, వెనక్కి దూసుకెళ్ళి గుచ్చుతుంది. గుచ్చుకున్న ముల్లు ఊడి అక్కడే ఉండిపోతుంది. ఎన్ని ముళ్ళు పోతే అంత పోరాటం.

సుక్రు మధ్యాహ్నానికి దొరికాడు. వాగు దిగువన, కుంటుకుంటూ. వాడి వీపూ బోడిగానే ఉంది.

కొండపెద్ద ముసలి ఎలుగుబంటి గద్దించాడు. "మీ యన్న సచ్చిపోతే నువ్వెలగ బతికున్నావురా?"

సుక్రు అన్న శవం వైపు చూశాడు. వదిన పొట్టకింద దూరిన అన్న కూతురు, ఆ పసిగుంట వైపు చూశాడు.

"పారిపోయొచ్చీసినాను," అన్నాడు.

"మరి ముళ్ళేటయిపోయినాయి?"

"కంపల్లో పడి పరిగెత్తినాను. రాలిపోయినాయి."

ఎలుగుబంటి పొట్ట పట్టుకుని నవ్వాడు. పిరికివాడు బతికినా చచ్చినా, శిక్షగా వాడి పెళ్ళాంపిల్లల్ని కొండ దించి తరిమేయాలన్నది అక్కడి కట్టు. సుక్రుకు పెళ్ళామూ లేదు, పిల్లలూ లేరు. తరమడానికి ఎవరూ లేక, ఏటా మట్టితో సరిపెట్టారు.

అదంతా జరిగి ఆరేళ్ళు. ఇప్పుడు కింద ఇనపరాయి మోసే గూడ్సు బళ్ళు రోజూ కూతేస్తున్నాయి. ఆనాటి పసిగుంట అచ్చియమ్మ ఎదిగింది. ఈ యేటి పండగనాడే కనుమ కాపలా ఆమెకు అప్పగించారు. వీరుడి బిడ్డకు తప్ప దక్కని పని అది.

ఇప్పపూలు చల్లడం అయ్యాక ఆమె సుక్రు దగ్గరికొచ్చింది. వాడింకా మొహం తుడుచుకోలేదు.

"ఓ పిరికోడా! మా అయ్య రేసుకుక్కల్ని ఎలగ కొట్టాడో సూసినోడివి నువ్వొక్కడివే. సెప్పు. బేగి సెప్పు, నీ కాడ ఎక్కువసేపు నిలబడనేను."

సుక్రు మెల్లగా చెప్పాడు. "ముందే తిరిగీసి నిలబడాల. దాని ఊపిరి నీ ఈపుకి తగిలీదాకా కదలకూడదు. అప్పుడు ఒక్కసారే ఎనక్కి తోసీయాల. ముళ్ళు ఊడొచ్చినప్పుడు పేనం పోతాది. అయినా అరవకు. అరిస్తే రెండోది మీదడిపోతాది."

"పారిపోతన్నోడివి ఇదంతా ఎప్పుడు సూసినావు?"

సుక్రు తడబడ్డాడు. "పొదలోంచి."

"మా అయ్య సత్తంటే పొదలో కూకుని సూసినావా!" వాడి కాళ్ళ ముందు ఉమ్మి వెళ్ళిపోయింది.

ఉమ్మింది గానీ ఆ మాటలు మరిచిపోలేదు. కొండమీద మంచు పట్టిన రోజుల్లో రెండు రేచుకుక్కలు కనుమకొస్తే, ఊపిరి తగిలేదాకా ఆగి, అలాగే కొట్టింది. అరవలేదు. ఒకటి చచ్చింది, రెండోది పారిపోయింది. "అయ్య రక్తం!" అని కొండంతా ఊగిపోయింది.

ఆ కేకలు సుక్రు తన బొరియలో పడుకుని విన్నాడు. అప్పటికే వాడు జబ్బుపడి లేవలేని స్థితిలో ఉన్నాడు.

రెండ్రోజుల తర్వాత, పొద్దెక్కాక, యర్రమ్మ ఒక్కతే వచ్చింది. బొరియ లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"సచ్చిపోతన్నావంట. నాకేటైనా సెప్పాలా?"

సుక్రు తలెత్తి ఆమె వైపు చూశాడు.

"ఏటీ నేదు వదినా. అన్న బాగా కొట్టాడు."

"ఆ ముక్క కొండంతా ఎరికే," అంది యర్రమ్మ. "కొత్తదేటైనా ఉంటే సెప్పు."

"ఇంకేటీ నేదు."

సుక్రు కళ్ళు మూసుకున్నాడు. గుట్టు పెదవి దాటకుండా పోతున్నందుకు వాడి మొహం తేటపడింది. మళ్ళీ తెరవలేదు.

పిరికివాడి శవాన్ని ఏం చెయ్యాలో చెప్పమని కొండపెద్ద వదిననే అడిగాడు.

"కొండ అవతలికి ఈడ్చి పారీండి," అంది యర్రమ్మ. "నా గుంట కంట పడకూడదు."

ఈడ్చుకెళ్తుంటే ఆమె వెనుదిరిగి చూడలేదు.

ఆరేళ్ళ కిందట, కొండ జనం కనుమ చేరేలోపు, ఒక్క ముల్లూ రాలని మొగుడి వీపు మీంచి గుప్పెళ్ళకొద్దీ ముళ్ళు పీకి లోయలోకి విసిరేసింది యర్రమ్మే.