కాలు తొక్కిన పాట

“ఆ పాట మాత్రం వెయ్యొద్దు. వేస్తే మధ్యలోనే లేచి వెళ్లిపోతాను,” అంది తల్లి.

రిసెప్షన్‌కి పాటలు ఏరడానికి కూతురితో కలిసి డీజే గదికి వచ్చింది. డీజే గబుక్కున పాట ఆపాడు. ఆపేముందు అలవాటు ప్రకారం బల్ల కిందికి ఓ చూపు విసిరాడు. అతనెప్పుడూ మొహాలు చూసి పాటలు ఏరడు, కాళ్లు చూసి ఏరతాడు. నోరు మొహమాటానికి ఏదైనా అంటుంది గానీ కాలికి అబద్ధం రాదని అతని సిద్ధాంతం. ఏ పాటకి ఎవరి కాలు ఆడిందో చూస్తే వాళ్ల వయసూ వరసా చెప్పేస్తానని గొప్పలు కూడా పోతుంటాడు. ఆవిడ నోరు వద్దంటోంది, చెప్పులోని బొటనవేలు మాత్రం ఇంకా తాళం వేస్తూనే ఉంది.

“ఇంత మంచి పాట! ఎందుకు వద్దమ్మా?”

“అప్పట్లో మా రిసెప్షన్‌లో ఆ పాటకే ఆయన నా కాలు తొక్కాడు. అంతమంది ముందు కెవ్వుమన్నాను. ఇంతవరకూ సారీ లేదు.”

“మరి ఏవి వెయ్యమంటారు?”

“మా కాలేజీ రోజులవి వెయ్యి బాబూ. ఈ ఏడాది వచ్చినవి ఎన్నైనా వెయ్యి. మధ్యలో ఓ పదేళ్లవి మాత్రం ఒక్కటీ వద్దు.”

ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి, పక్కన కూర్చున్న కూతురు నోరు విప్పింది.

“రేపు మా నాన్న వస్తారండీ. కావాలనే విడివిడిగా తీసుకొస్తున్నా. విడాకులైన మనుషులు. పాటల దగ్గర కూర్చోబెడితే ఇప్పటికీ ఉప్పూ నిప్పూ. నా కోరికల్లా ఒకటే. ఆ రోజు ఇద్దరూ కలిసి ఒక్క పాటకైనా డాన్సు చెయ్యాలి. నా చిన్నప్పుడు వంటింట్లో చేసేవాళ్లు. మళ్లీ చూడలేదు.”

పెళ్లి చేసి చూడు అన్నారు గానీ పెళ్లికి పాటలు ఏరి చూడు అనాల్సింది అనుకున్నాడు డీజే. ఆ పిల్లను చూస్తే జాలేసింది.

“పెళ్లికొడుకు ఏమంటాడమ్మా?”

“పెళ్లికూతురు ఊ అంటే చాలంటాడు,” అని ఆమె కిసుక్కున నవ్వింది.

మర్నాడు తండ్రి కొత్త బూట్లతో, కుంటుకుంటూ వచ్చాడు.

“ఇప్పట్నుంచే తొడిగి అలవాటు చేసుకుంటున్నా. బాగా కరుస్తున్నాయి,” అంటూ కూర్చుని, తల్లి ఏరిన పాటల్లో సగం కొట్టేశాడు. “ఇవి ఆవిడవేగా? వచ్చినవాళ్లను నిద్రపుచ్చడానికా?”

డీజే కావాలనే ఆ వద్దన్న పాట పెట్టాడు.

“ఆపవయ్యా! నేను కాలు తొక్కానని ఊరంతా టముకు వేసింది. నేను తొక్కలేదు. ఆవిడే నా బూటు కింద కాలు పెట్టింది!”

కరిచే బూటు నేలమీద టకటకా తాళం వేస్తోంది.

“ఇంకో మాట,” అన్నాడు తండ్రి లేస్తూ. “మధ్యలో ఆ పదేళ్ల పాటలు వద్దు.”

అన్నింటికీ కీచులాడుకునే ఇద్దరూ ఈ ఒక్కదాని మీద ఒక్కమాట మీద ఉన్నారే అని డీజే విస్తుపోయాడు. ఆ సాయంత్రమే కూతురికి ఫోన్ చేశాడు.

“అవి వాళ్లు విడిగా ఉన్న ఏళ్లండీ,” అందామె. “నేను డాన్సు నేర్చుకున్నదంతా ఆ పాటలకే. పర్లేదు, తీసెయ్యండి. వాళ్లు ఆడితే నాకంతే చాలు.”

తన పెళ్లిలో తన పాట ఒక్కటీ అడగని పెళ్లికూతుర్ని డీజే ఎన్నడూ చూడలేదు. అందుకే తెగించాడు.

“నా మాట వినండి. ఆ కాలు తొక్కిన పాటే వేద్దాం.”

“అమ్మ లేచి వెళ్లిపోతే?”

“వెళ్లరు. ఇద్దరి కాళ్లూ నాతో చెప్పాయి.”

“సరే, వేసెయ్యండి. తిట్లు నేను తింటా,” అందామె.

రిసెప్షన్ రోజు కూతురు భుజాన సంచితో కుర్చీలు వేయిస్తూ, పూలు కట్టిస్తూ బొంగరంలా తిరుగుతోంది.

“ఇంకా తయారవలేదేంటమ్మా?” అని స్పీకర్ల వెనకనుంచి గదిమాడు డీజే.

“నాకిది చాలండీ!” అంటూ పరుగెత్తింది.

హాలు నిండిపోయింది. నిలువెత్తు స్పీకర్లూ, వాటి ముందు జనమూ అడ్డమై డీజేకి వేదిక కనబడడం లేదు. ముందు కొత్త జంట మొదలుపెడితే, ఆ ఊపులో పెద్దవాళ్లను లాగొచ్చని అతని ఎత్తు. మైకు అందుకున్నాడు.

“పెళ్లికూతురూ, పెళ్లికొడుకూ! మొదటి డాన్సు మీదే!”

పాట మొదలైంది. ఈలలతో హాలు దద్దరిల్లింది. స్పీకరు పక్కన కూతురు కదలకుండా నిలబడి ఉంది. ఫోన్ పైకెత్తి పట్టుకుంది, చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి.

“వెళ్లమ్మా, పాట అయిపోతుంది!” అని తొందరపెట్టాడు డీజే.

ఇంతలో జనం వెనకనుంచి తెలిసిన గొంతు వినిపించింది. “ఈసారైనా చూసి అడుగెయ్యండి.”

“నువ్వు కాలు అడ్డం పెట్టకుండా ఉంటే చాలు,” అంది ఇంకో గొంతు. ఒక్క క్షణం ఆగి, “సారీ,” అంది.

జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. తల్లీ తండ్రీ అడుగులేస్తూ వచ్చారు.

పెళ్లిబట్టల్లో ఉన్నది వాళ్లిద్దరే.