మధ్యాహ్నం నాలుగు నిమిషాలు

పన్నెండయ్యేసరికి సూర్యుడు మళ్ళీ మాయమైపోయాడు!

ఆకాశంలో భేషుగ్గా ఉన్నాడు. ప్రత్యూష కంప్యూటర్లోనే లేడు. సరిగ్గా నాలుగు నిమిషాలు. రోజూ ఇదే వరస.

హైదరాబాద్ నుంచి బిలాస్‌పూర్ వచ్చి ఆరు నెలలైంది. రైల్వే కాలనీ పక్కన మేడ మీద ఒక అద్దం. అది ఎండను పట్టి కింద గదిలోని యంత్రానికి అందిస్తుంది. కంటికి కనిపించని పరారుణ కాంతిలో గాల్లోని మీథేన్ ఎంత మింగిందో, కార్బన్ మోనాక్సైడ్ ఎంత మింగిందో యంత్రం గీతలు గీసి చూపిస్తుంది.

ఈ ఊళ్ళో ఆమెతో మాట్లాడేవి ఆ గీతలే.

"నడినెత్తి ఎండ రీడింగే లేకపోతే ఏడాది శ్రమంతా గంగపాలే," అన్నారు ఫోన్లో ప్రొఫెసర్ సత్యనారాయణమూర్తి.

దాంతో భోజనం మానేసి మేడెక్కింది.

అద్దానికి అడ్డంగా ఎవరో ముసలాయన!

"ఎవరు తాతా నువ్వు? ఇక్కడేం పని?"

"అప్పలస్వామినమ్మా. పక్క క్వార్టరే. అద్దం సూస్తన్నాను."

"మొహం చూసుకోడానికి ఇన్ని మెట్లెక్కాలా?"

"ఈ మొగానికి అద్దమేటమ్మా!" నవ్వాడాయన. "బొగ్గు బళ్ళెల్తాయి గదా, ఆ మసొచ్చి..."

"గాల్లో ఏముందో నా మెషీన్ చెబుతుందిలే. దిగు ముందు!"

"అచ్ఛా, అచ్ఛా. కోప్పడకు."

ఆ సాయంత్రమే మెట్ల తలుపుకి తాళం పడింది.

రెండు రోజులు ఆయన కింద నిలబడి, "సూరీడు బాగున్నాడా అమ్మా?" అని పలకరించాడు.

ప్రత్యూష కిటికీ మూసేసింది.

మూడో రోజు నుంచి రాలేదు.

నాలుగు నిమిషాల ఖాళీ పోయింది. కానీ వెలుతురు రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. మూడు వారాలకి ఏ గీత ఏదో తెలియకుండా పోయింది.

"అద్దం తుడవడం మానేశావా?" అడిగారు మూర్తిగారు.

"నేనెప్పుడూ తుడవలేదు సర్. ముట్టుకుంటే గీతలు పడతాయని మీరేగా అన్నారు!"

"మరి ఆ బొగ్గు ఊళ్ళో ఆరు నెలలు అంత తేటగా ఎలా ఉందమ్మా?"

ఫోన్ చేతిలో ఉండగానే పక్క క్వార్టర్‌కి పరిగెత్తింది.

తలుపు తీసింది అప్పలస్వామి కోడలు ఊర్మిళ.

"మావయ్యా? మొన్ననే పదోరోజు అయిపోనాదమ్మా."

ప్రత్యూష ఫోన్ కట్ చేసింది.

"ఆ మేడ మీది పిల్లవి నువ్వేనేటి?" ఊర్మిళ ఆమె వంక తేరిపార చూసింది. "ముప్పయ్యేళ్ళు సిగ్నల్ దీపాల అద్దాలు తుడిచిన లాంప్‌మేనమ్మా ఆయన, జొరంలో కూడా 'ఆ పిల్ల అద్దానికి మసట్టేస్తాది, నన్నోపాలి మేడెక్కించండర్రా' అనే కలవరించీవోరు."