గుండు కింది ఇల్లు

“సుమేరా, నీ దోస్తు ఆటో దిగుతాంది. జల్ది పక్కింటి సమ్మమ్మ ఇంట్లకు తోల్కపో. ఆమె పత్తి ఏరను పోయింది. ఈ పూటకు ఇల్లు వాడుకొమ్మన్నది,” అంది హుసేన్‌బీ.

“ఆ ఇంట్లకెందుకు అత్తమ్మా?”

“మాది స్లాబు ఇల్లని ఫోన్‌ల చెప్పినవ్ గదా బిడ్డా. నేను విన్న.”

సుమేరాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ల ఇల్లు ఊరి చివర పెద్ద గుండు కింద ఉంది. మామగారి తాత కాలంలో గుండును ఆనుకుని మట్టిగోడలు పెట్టారు. పైకప్పు ఆ రాయే. నర్సంపేట దవాఖానలో తనతో పనిచేసే రమకు ఆ మాట చెప్పలేక అబద్ధమాడింది. ఇప్పుడు నిజం చెప్పడానికీ నోరు రాలేదు. రమను సమ్మమ్మ ఇంట్లోనే కూర్చోబెట్టింది.

కాసేపటికి హుసేన్‌బీ చాయ్ పట్టుకొచ్చి గడప బయటే నిలబడింది.

“ఎవరీమె?” అని అడిగింది రమ.

సుమేరా నోరు తెరిచేలోపే, “పక్కింటిదాన్ని బిడ్డా. చాయ్ ఇచ్చి పోదామని వచ్చిన,” అంది హుసేన్‌బీ నవ్వుతూ.

సుమేరా తలెత్తలేకపోయింది. తన అబద్ధాన్ని నిలబెట్టడానికి అత్త పరాయిదైపోయింది. లేచి వెళ్లి ఆమె చేయి పట్టుకుంది.

“ఈమె మా అత్తమ్మ, రమా. ఈ ఇల్లు మాది కాదు. నీకు అబద్ధం చెప్పిన. మా ఇల్లు ఆ గుండు కింద ఉన్నది. పా, అక్కడ కూసొని తాగుదాం.”

హుసేన్‌బీ కంగారుపడి కోడలి చెవిలో గొణిగింది.

“జర ఆగు బిడ్డా. పొద్దటి సంది ఈ ఇల్లే ఊడ్చి తుడిచిన. మనింట్ల చీపురు కూడ పట్టలే.”