పాత బ్యాంకు వరండా

కన్నయ్య నోటిదురద వల్లే తన కొట్టు పోయిందని లింగరాజు కనిపించినవాళ్లందరికీ చెబుతాడు.

ఆ మాటలకు తనూ నవ్వాడని మాత్రం చెప్పడు.

రంగూన్‌లో నదివైపు దిగే వీధిలో ఒక పాత బ్యాంకు. బ్యాంకు ఎప్పుడో ఎత్తేశారు, మేడ మిగిలింది. లావుపాటి స్తంభాలు, పిట్టగోడ మీద రావిమొక్కలు, తుప్పు పట్టిన తాళాలు.

ఆ వరండాలో లింగరాజుది టీకొట్టు. తండ్రి పెట్టింది.

నోట్ల మీద నమ్మకం పోయి జనం బంగారం కోసం ఎగబడ్డాక కొట్టుకు కళ వచ్చింది. పొద్దున్నే దళారులు అక్కడే చేరి ఫోన్లలో ధరలు అరుస్తారు. వాళ్లలో కన్నయ్య ఒకడు, లింగరాజు బావమరిది.

ఆ మేడ మీద ఒక కంపెనీ కన్ను పడింది. పడగొట్టి హోటల్ కడతారట. స్థలం పూర్వం ఒక తెలుగు మేస్త్రీది. రేవు పనికి కూలీలను తెచ్చి గడించాడాయన. ఆ కుటుంబం తర్వాత్తర్వాత బర్మావాళ్లలో కలిసిపోయింది. వారసులంతా అమ్మకానికి సంతకాలు పెట్టేశారు, ఒక్కడు తప్ప.

ఆ ఒక్కడెవరో లింగరాజుకు తెలియదు. ఆయన మనసు మారకూడదని మాత్రం రోజూ అమ్మవారికి దండం పెట్టుకునేవాడు. మారితే కొట్టు లేచిపోతుంది.

కొట్టుకు ఒక ముసలాయన వచ్చేవాడు. వెలిసిన లుంగీ, రబ్బరు చెప్పులు, బర్మా మొహం.

రంగూన్ టీకొట్లలో ప్రతి బల్ల మీదా ఫ్లాస్కుతో ఉత్త టీ ఉంటుంది. పాలుండవు, పంచదార ఉండదు, డబ్బూ అడగరు. ముసలాయన అదే పోసుకుని, కళ్లు మూసుకుని మధ్యాహ్నం దాకా కూర్చునేవాడు.

ఒకరోజు జనం ఎక్కువయ్యారు. కన్నయ్యకు ఒళ్లు మండింది.

"బావా, ఈ ముసిలోడు ఉత్త టీతో స్టూలు కొనేసినాడేటి? బేరానికొచ్చినోళ్లు నిలబడిపోతన్నారు."

"గట్టిగానే అను. బర్మావోడు, మన మాట తెలీదు."

"అయితే ఇను. ఈడు సచ్చేదీ ఇక్కడే. కట్టెలు ఇప్పుడే కొని పెట్టుకో."

దళారులు నవ్వారు. లింగరాజూ నవ్వాడు.

నవ్వుతూనే బల్ల మీది ఫ్లాస్కు తీసేశాడు. 'ఊజీ, స్టూలు కావాలి' అని బర్మాలో మర్యాదగానే చెప్పాడు. పెద్దాయనను అక్కడ అలాగే పిలుస్తారు.

ముసలాయన కప్పు బోర్లించి లేచాడు. మళ్లీ రాలేదు.

ఆ పూట ఆ స్టూలు ఒక్క క్షణం ఖాళీగా లేదు. ఈ పని ముందే చేయవలసింది అనుకున్నాడు లింగరాజు.

వారం తిరక్కుండా కంపెనీ మనుషులు టేపులు పట్టుకుని వచ్చారు. ఆఖరి వారసుడు కూడా సంతకం పెట్టాడట. నెలాఖరుకు వరండా ఖాళీ చేయాలన్నారు.

లింగరాజు వాళ్లనే బతిమాలి చిరునామా తెలుసుకుని ఊళ్లోనే ఉన్న అహ్లోన్ పేటకు వెళ్లాడు. పాత బియ్యం మిల్లు వెనక రేకుల ఇల్లు. అంత మేడకు వారసుడు ఇందులో ఉంటాడా అని అనుమానం వచ్చింది. బర్మాలో ఎలా బతిమాలాలో మాటలు కూర్చుకుంటూ తలుపు కొట్టాడు.

తీసింది ముసలాయన.

లింగరాజు 'ఊజీ' అని బర్మాలోనే మొదలుపెట్టాడు. చేతులు జోడించి నిలబడ్డాడు.

"తెలుగులోనే సెప్పు నాయనా," అన్నాడాయన. "మాయమ్మ మీవోళ్ల పిల్లే. ఆవిడ పోనాక ఇంట్లో ఆ మాట నేదు. నీ కొట్టు కాడ కళ్లు మూసుకుంటే అమ్మ ఉన్నట్టుండేది. అన్నదమ్ములు ఎంత తిట్టినా సంతకం పెట్టకుండా ఆగింది అందుకే. మొన్నటితో ఇనడం సాలనిపించింది."

తలుపు మెల్లగా మూసుకుంది.

లింగరాజుకు పోయింది పన్నెండడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు నేల. ఇన్నాళ్లూ దాన్ని కాపాడుతూ వచ్చింది ఉత్త టీ ముసలాయన.