రెండో చరణం

పాట పూర్తికాగానే గాయని హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టింది. రెండో చరణంలో ఆమె గొంతు వణికి, ఒకచోట పూర్తిగా పూడుకుపోయింది. ఆమె పాట మొదలుపెట్టే ముందే, సంగీత దర్శకుడైన అన్నయ్య గాజు గది తలుపు తీసి, "అమ్మ పోయిందమ్మా" అని చెప్పాడు. రికార్డింగ్ ఆపుదామని మాత్రం అనలేదు. "అమ్మ కోసం పాడు" అన్నాడు.

ఇప్పుడు కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "గొప్ప పాటంటే ఇదీ. పదిరోజులుగా రానిది ఇవాళ వచ్చింది."

"ఆసుపత్రి నుంచి ఫోనెప్పుడొచ్చింది?"

"పొద్దున్న."

"మరి మధ్యాహ్నం దాకా నాకెందుకు చెప్పలేదు?"

"ముందే చెబితే ఏడుపంతా ఇంట్లోనే అయిపోయేది."

ఆమె వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తి వాంతి చేసుకుంది. అతను వీపు నిమరబోతే, "ముట్టుకోకు" అంది.

అతను లోపలికెళ్ళి పాట మళ్ళీ పెట్టాడు. ఆమె తలుపు దగ్గరే నిలబడి చివరిదాకా వింది. తను ఇంత బాగా ఎన్నడూ పాడలేదు. ఆ సంగతి తోచగానే తనమీద తనకే రోత పుట్టింది.

"అన్నయ్యా, మొదటి చరణం తేలిపోయింది" అంది. "అదొక్కటీ మళ్ళీ పాడతాను. ఈ ఏడుపు ఆరకముందే మైకు ఆన్ చెయ్యి."